ఇల్లూ వాకిలీ: వేణ్నీళ్ళ గొట్టానికి కంబళి

ధనుర్మాసం ప్రవేశించింది. తెల్లవారకముందే తలారా స్నానం చేసి కోవెలకు వెళ్ళే అలవాటు మన ఇళ్ళలో ఇంకా నిలిచి ఉన్నది, సంతోషం. ఆ అలవాటుతోపాటు ఏటా ఈ రోజుల్లో ఈ శీర్షికకు ఒక ప్రశ్న కూడా తప్పకుండా వస్తున్నది. ఈసారి మైసూరు నుంచి ఒక సోదరి వ్రాశారు: "మా మిద్దె మీద సౌర యంత్రం ఉన్నది. సాయంకాలం నల్లి తిప్పితే చెయ్యి కాలే నీళ్ళు వస్తవి. తెల్లవారుజామున అయిదు గంటలకు తిప్పితే మాత్రం ముక్కాలు బకెట్టు చన్నీళ్ళు పోయిన తరువాతగాని వేడి రాదు. గొట్టానికి పొడుగునా రబ్బరు చుట్టిస్తే ఈ బాధ తీరుతుందని దుకాణంవారు అంటున్నారు. నాలుగు వేలు అవుతుందట. చుట్టించమంటారా, వద్దంటారా?"

అమ్మా, చుట్టించండి. కాని దానివల్ల తెల్లవారుజాము చన్నీళ్ళ బాధ తీరుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆ నాలుగు వేలూ మరొక విధంగా గిట్టుబాటు అవుతవి. మీరు చెప్పిన బాధకు మందు వేరే ఉన్నది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఇది తిరకాసు జవాబుగా కనిపించవచ్చును గాని, రాత్రిపూట గొట్టంలో ఏమి జరుగుతున్నదో కొంచెం ఓపికగా చూస్తే అంతా తేటపడుతుంది.

మన పెద్దల కాలంలో ఈ చిక్కు లేదు. బెంగుళూరు పాత ఇళ్ళలో స్నానాల గది మూలన ప్రొయ్యి కట్టి, దాని మీద రాగి హండాను సగం దాకా మట్టిలో కూర్చోబెట్టేవారు. కట్టెలు, కొబ్బరి మట్టలు, రంపపు పొట్టు, ఏది దొరికితే అది క్రింద మండేది. హండాకూ స్నానం చేసే మనిషికీ మధ్య దూరం చేతిలోని చెంబంత. మంట ఆరిన తరువాత కూడా ప్రొయ్యి చుట్టూ ఉన్న మట్టిగోడా, నిప్పుల మీద పేరుకున్న బూడిదా నీళ్ళను చాలాసేపు చల్లారనిచ్చేవి కావు. తరువాత నడిమి గొట్టంలో బొగ్గులు వేసే రాగి బాయిలరు వచ్చింది. ఆ తరువాత కరెంటు గీజరు వచ్చింది. అవి కూడా స్నానాల గదిని విడిచి పోలేదు. సూర్యుణ్ణి నమ్ముకొన్న తరువాతనే వేణ్నీళ్ళు మిద్దె ఎక్కినవి. కర్ణాటక ప్రభుత్వం 2007లో క్రొత్త కట్టడాలకు సౌర యంత్రాలను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చిన మీదట వాటి సంఖ్య బాగా పెరిగింది. బెంగుళూరులో ఏ వీధిలో నిలబడి తలెత్తినా ట్యాంకు క్రింద వాలుగా పేర్చిన నల్లటి గాజు గొట్టాలు కనిపిస్తవి. కరెంటు ఆదా అయ్యే మాట నిజమే. కాని వేడి ఎక్కడ పుడుతున్నదో, మనం ఎక్కడ కూర్చుని పోసుకుంటున్నామో, ఆ రెంటి నడుమ ఇప్పుడు రెండు మూడు అంతస్తుల దూరం వచ్చిపడింది.

ఆ దూరంలో ఎన్ని నీళ్ళు నిలుస్తవో ముందు చూద్దాం. ఇది మెట్రిక్ లెక్కే. ముప్పాతిక అంగుళం ఇనుప గొట్టంలో మీటరుకు సుమారు 370 మిల్లీలీటర్ల నీళ్ళు పడతవి. మిద్దె నుంచి స్నానాల గది దాకా మలుపులతో కలిపి 15 మీటర్లు అనుకుంటే అయిదున్నర లీటర్లు. రాత్రి ఆఖరి స్నానం అయి నల్లి కట్టగానే ఆ అయిదున్నర లీటర్లూ గొట్టంలోనే చిక్కుకుంటవి. వాటికి ఇక ట్యాంకు దిక్కు లేదు, ఎండ దిక్కు లేదు. ఉన్న వేడిని ఊరికే పోగొట్టుకుంటూ కూర్చోవడమే వాటి పని.

ఎంత త్వరగా పోగొట్టుకుంటవి? నీళ్ళు 60 డిగ్రీలు, చుట్టూ ఉన్న గాలి 20 డిగ్రీలు అనుకోండి. ఏ కప్పూ లేని ముప్పాతిక అంగుళం గొట్టం, గాలి కదలకపోయినా, ప్రతి మీటరుకూ సుమారు 35 వాట్ల వేడిని బయటకు వదులుతుంది. మిద్దె మీద రాత్రి గాలి వీస్తూ ఉంటే అంతకంటె ఎక్కువే. ఈ లెక్కన అరగంటలో నీళ్ళు 40 డిగ్రీలకు దిగుతవి, గంట గడిచేసరికి 30కి వస్తవి. అదే గొట్టానికి అరంగుళం మందం నురుగు రబ్బరు తొడిగితే, 35 వాట్లు కాస్తా 12కు తగ్గుతవి. అప్పుడు 60 నుంచి 40కి దిగడానికి అరగంటకు బదులు గంటన్నర పడుతుంది. మూడింతల మేలు, తక్కువదేమీ కాదు. కాని రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారుజాము అయిదు వరకు ఎనిమిది గంటలు! అంతసేపు గడిచాక తొడుగు ఉన్న గొట్టంలోనూ, లేని గొట్టంలోనూ ఉండేవి ఒకే చన్నీళ్ళు. వాటి నడుమ తేడా చేతికి తెలియదు.

దుకాణంవారు ఇన్సులేషన్ అని పిలిచేదాన్ని నేను కంబళి అనడానికి కారణం ఇదే. కంబళి కప్పుకొన్న మనిషి తెల్లవార్లూ వెచ్చగా ఉంటాడు, ఎందుకంటే అతని ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. కొయ్యబొమ్మకు కప్పిన కంబళి మొదట ఉన్న వేడిని కొంతసేపు ఆపగలదే గాని క్రొత్త వేడిని పుట్టించలేదు. నల్లి కట్టిన గొట్టం కొయ్యబొమ్మ వంటిది.

మరి ఆ ఖర్చు దేనికి? స్నానాలు ఒకదాని వెంట ఒకటి జరిగే ఇంట్లో ఉన్నది దాని ప్రయోజనం. నలుగురున్న ఇల్లు తీసుకోండి. అయిదింటికి తాతగారు, ఆరింటికి ఇల్లాలు, ఏడింటికి పిల్లవాడు, ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్ళే ఆయన. ఇంటింటా షవరు వచ్చిన రోజులివి. షవరు క్రింద నిలబడే మనిషి ముందు వచ్చే చన్నీళ్ళను కాలువకు వదలవలసిందే. గొట్టంలో ఉన్న అయిదున్నర లీటర్లే కాదు, చల్లారిన ఇనుము కూడా మళ్ళీ వేడెక్కాలి కనుక ఏడెనిమిది లీటర్లు పోతేగాని సుఖమైన వేడి రాదు. గొట్టానికి తొడుగు లేకపోతే గంట గంటకూ నీళ్ళు 30 డిగ్రీలకు పడిపోయి, నలుగురూ నాలుగుసార్లు వదలవలసి వస్తుంది. తొడుగు ఉంటే గంట తరువాత కూడా గొట్టంలో నీళ్ళు 45 డిగ్రీలు ఉంటవి, ఒంటికి 40 చాలు. మొదట లేచిన తాతగారు ఒక్కరే వదలాలి, తక్కినవారికి నల్లి తిప్పగానే వేడి. రోజుకు 22 లీటర్లు మిగిలితే ఏడాదికి ఎనిమిది వేల లీటర్లు. వీధిలోకి వచ్చే ఆరు వేల లీటర్ల ట్యాంకరును తలచుకుంటే ఆ లెక్క కంటికి కనిపిస్తుంది.

గొట్టం చల్లారడంవల్ల మనకు పోయే వేడి నిజానికి స్వల్పం. ఆ అయిదున్నర లీటర్లలో ఉన్న వేడి కరెంటు లెక్కలో పావు యూనిట్టు. అదీ ఎండ ఇచ్చినదే. పోయేది నీరు. బెంగుళూరు త్రాగే కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, 500 మీటర్ల ఎత్తుకు పంపులు తోడగా వస్తున్నది. 1974లో మొదటి దశ నీరు వచ్చిన నాటి నుంచి ఇదే ఏర్పాటు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, త్రాగే నీటితో కారు కడిగితే 5,000 రూపాయల జుల్మానా అని జలమండలి ప్రకటించిన సంగతి ఇక్కడి పాఠకులు ఎవరూ మరచిపోయి ఉండరు. ఆ ఏడు అక్టోబరులో కావేరి అయిదవ దశ నీరు వచ్చి కొంత ఊరట కలిగింది. అయినా 500 మీటర్లు ఎక్కి వచ్చిన నీటిని, వేడి రావడంలేదని కాలువలోకి వదలడం చూస్తే నాకు మనస్కరించదు.

ఇప్పుడు మైసూరు సోదరి బాధకు మందు చెబుతాను. ఆమె బకెట్టు అన్నారు గనుక షవరు కాదు, బకెట్టు స్నానమే. అటువంటప్పుడు ముందు వచ్చే చన్నీళ్ళను పారబొయ్యడం దేనికి? ట్యాంకు నీళ్ళు తెల్లవారేసరికి కూడా 50 డిగ్రీల పైన ఉంటే అవి నేరుగా ఒంటిమీద పోసుకొనేవి కావు, చన్నీళ్ళు కలుపుకోవలసినవే. 20 లీటర్ల బకెట్టును 40 డిగ్రీలకు తేవాలంటే, 50 డిగ్రీల నీళ్ళు 13 లీటర్లు, 20 డిగ్రీల నీళ్ళు 7 లీటర్లు కావాలి. గొట్టంలో నిలిచినవే ఆ 7 లీటర్లు. బకెట్టు నల్లి క్రింద పెట్టి తిప్పి ఊరుకోండి. ముందు చన్నీళ్ళు, వెనుక వేణ్నీళ్ళు వచ్చి వాటికవే కలుస్తవి. వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అనే మాట జీతం చాలని సంసారాల్లో వాడుకొనేదే గాని, ఇక్కడ అక్షరాలా సరిపోతున్నది.

అయితే ఆమె ముక్కాలు బకెట్టు అంటున్నారు. అంటే 14 లీటర్ల వరకు వస్తున్నవి. ఇన్ని చన్నీళ్ళు కలుపుకోవడానికి అక్కరలేదు, మిగిలినవి వృథాయే. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, ఆ ఇంట్లో వేసినది ముప్పాతిక గొట్టం కాదు, అంగుళం గొట్టమై ఉండాలి, దూరం కూడా 18 మీటర్లకు తక్కువ ఉండదు. అంగుళం ఇనుప గొట్టంలో మీటరుకు 580 మిల్లీలీటర్లు, అనగా ముప్పాతిక గొట్టానికి ఒకటిన్నర రెట్లు పడతవి. అరంగుళం గొట్టంలో అయితే 200 మాత్రమే. లావు గొట్టం వేస్తే నీళ్ళు ధారాళంగా వస్తవని చాలామంది మేస్త్రీల నమ్మకం. చన్నీళ్ళ విషయంలో ఆ మాటకు అర్థం ఉన్నది. వేణ్నీళ్ళ విషయంలో లావు గొట్టమంటే రాత్రంతా చల్లారడానికి పెట్టిన పెద్ద పాత్ర. అలాగని అంతా అరంగుళమే వేస్తే మిద్దెకు దగ్గరగా ఉన్న పై అంతస్తులో ఒత్తిడి చాలక సన్నని ధార వస్తుంది. నా మట్టుకు నడిమి గొట్టం ముప్పాతిక, స్నానాల గదిలోకి తిరిగే కొమ్మ అరంగుళం ఉండడం మంచిదని తోస్తున్నది. క్రొత్తగా ఇల్లు కట్టేవారు మరొక సంగతి చూడాలి. ట్యాంకుకు సరిగ్గా క్రిందుగా స్నానాల గది వచ్చేటట్టు పటం గీయించుకుంటే ఏ రబ్బరూ చెయ్యలేని మేలు అది చేస్తుంది. ట్యాంకు ఈశాన్యాన, స్నానాల గది నైరుతిలో పెట్టించుకొని, నడుమ 25 మీటర్ల గొట్టానికి కంబళి కొనే ఇళ్ళు నేను చూశాను.

శీతల దేశాల్లో ఈ కథ వేరు. పిల్లలు అక్కడ స్థిరపడిన కుటుంబాలు మనలో చాలా ఉన్నవి గనుక రెండు మాటలు చెప్పాలి. అక్కడి ఇళ్ళలో నేలమాళిగలో బాయిలరు ఉంటుంది. అది కాచిన నీళ్ళను పంపు గదిగదికీ త్రిప్పి, గోడలకు అమర్చిన ఇనుప పలకల ద్వారా ఇల్లంతా వెచ్చబరుస్తుంది. చలికాలమంతా, రోజుకు ఎన్నో గంటలు ఆ గొట్టాల్లో వేణ్నీళ్ళు పారుతూనే ఉంటవి. అందువల్ల అక్కడ తొడుగు ప్రతి గంటా పని చేస్తుంది. అదైనా చల్లని నేలమాళిగలోనూ, అటక మీదనూ పోయే గొట్టాలకే ముఖ్యం. మనుషులు కూర్చొనే గదిలో గొట్టం వదిలిన వేడి ఆ గదికే చెందుతుంది గనుక అది నష్టం క్రింద రాదు. మంచు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా తొడుగు కాపాడుతుందని కూడా అక్కడ కొందరు అనుకుంటారు. అది గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఇల్లు తాళం వేసి వారంరోజులు ఊరికి వెళ్ళేవారు తొడుగును నమ్ముకోకుండా గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసిపోవాలి, లేదా ఇంట్లో కొద్దిగా వేడి ఉంచి వెళ్ళాలి.

ఇటువంటి త్రిప్పుడు ఏర్పాటు మన దేశంలోనూ కొన్ని పెద్ద అపార్టుమెంట్లలోనూ, హోటళ్ళలోనూ ఉన్నది. నల్లి తిప్పగానే వేడి రావాలని ఒక చిన్న పంపు గొట్టంలోని నీళ్ళను ట్యాంకుకూ నల్లికీ మధ్య నిరంతరం త్రిప్పుతుంది. సుఖమే. కాని 30 మీటర్ల గొట్టం కప్పు లేకుండా ఉంటే మీటరుకు 35 వాట్ల చొప్పున వెయ్యి వాట్లు దాటుతుంది. ఇస్త్రీ పెట్టెను రాత్రింబగళ్ళు మండనిచ్చినట్టు, రోజుకు 25 యూనిట్ల వేడి గాలిలో కలుస్తుంది. అటువంటి చోట తొడుగు వెయ్యకపోవడం క్షమించరానిది. మీ అపార్టుమెంటు సంఘ సమావేశంలో ఈ సంగతి అడిగి చూడండి. పంపు ఉన్నదని అందరికీ తెలుసు, గొట్టం ఒట్టిదా కప్పినదా అన్నది ఎవరూ చూసి ఉండరు.

ఇక తొడుగు ఎలా పని చేస్తుందో తెలిస్తే ఏది కొనాలో, ఏది కూడదో మీకే తెలుస్తుంది. వేడిని ఆపేది రబ్బరు కాదు, ఉన్ని కాదు. వాటిలో చిక్కుకొని కదలలేక నిలిచిపోయిన గాలి. కదలని గాలి వంటి బంధకం చౌకలో మరొకటి లేదు. మంచుగడ్డల బండివాడు రంపపు పొట్టూ గోనెపట్టా కప్పేది ఇందుకే. వేడి బయటకు పోకుండా ఆపేదే వేడిని లోపలికి రాకుండా కూడా ఆపుతుంది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు మొదటిసారి మంచు ఓడలో బయలుదేరినప్పుడు, సుమారు 180 టన్నుల్లో నాలుగు నెలల ఉష్ణ సముద్ర ప్రయాణం తరువాత 100 టన్నుల దాకా మిగిలింది. ఆ వ్యాపారమే మద్రాసుకు కూడా వచ్చింది. సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ మంచును దాచడానికి పుట్టినదే. 1897లో వివేకానందస్వామి అందులో బస చేశారు, ఇప్పుడు ఆయన పేరనే ఉన్నది. చెన్నపట్నం పాఠకులు ఆ గుండ్రని భవనం ప్రక్కగా వెళ్ళినప్పుడు రంపపు పొట్టును కూడా ఒకసారి తలచుకోవచ్చును. గాలిని కూడా తీసివేస్తే ఇంకా మేలని 1892లో డ్యూవర్ అనే శాస్త్రజ్ఞుడు రెండు గోడల గాజుపాత్ర చేశాడు. మన కాఫీ ఫ్లాస్కు దాని సంతానమే, మిద్దె మీది సౌర యంత్రపు గాజు గొట్టాలూ దాని సంతానమే.

కదలని గాలిని చెరిపే శత్రువు నీరు. నీరు గాలికంటె ఇరవై రెట్లకు పైగా వేడిని మోసుకుపోతుంది. ఎండినప్పుడు చక్కగా పనిచేసే గోనెపట్టా, పాత దుప్పటి ముక్కా వానలో తడిస్తే గొట్టానికి తడిగుడ్డ కట్టినట్టే. అందువల్ల మిద్దె మీద గుడ్డ చుట్టడం వద్దు. ఇంటి లోపల, తడి తగలని చోట చుట్టుకుంటే తప్పులేదు. దారంతో బిగించి కట్టవద్దు. నొక్కితే లోపలి గాలి పోయి, మిగిలేది గుడ్డే.

సిమెంటు సంగతి ఇంకా విచిత్రం. గొట్టాన్ని గోడలో పాతి పైన సిమెంటు పూస్తే వేడి దాగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. సన్నని గొట్టం చుట్టూ రెండంగుళాల సిమెంటు పూసినందువల్ల వేడి నష్టం తగ్గకపోగా పెరుగుతుంది. సిమెంటు వేడిని బాగా ఆపలేదు, పైగా గాలికి తగిలే పైభాగం వైశాల్యం పెరిగింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. క్రొత్త ఇంట్లో వేణ్నీళ్ళ గొట్టం గోడలో పోతున్నట్టయితే, కాలువ కొంచెం వెడల్పుగా తొలిపించి, తొడుగు వేసిన తరువాతనే మూయించండి. పూత అయిన తరువాత ఇక చేసేదేమీ లేదు. మేస్త్రీ తొందరపెడతాడు. ఆ ఒక్కనాడు ఆఫీసుకు సెలవు పెట్టి దగ్గర నిలబడడం మంచిది.

అంగడిలో దొరికే వాటిలో నల్లటి నురుగు రబ్బరు గొట్టాలు వేణ్నీళ్ళకు అన్నింటికంటె అనువైనవి. నైట్రైల్ రబ్బరు అని అడిగితే ఇస్తారు. కొనేముందు గొట్టం చుట్టుకొలతను దారంతో కొలిచి తీసుకు వెళ్ళండి; పేరుకు ముప్పాతిక అన్న ఇనుప గొట్టమూ, ముప్పాతిక అన్న ప్లాస్టిక్ గొట్టమూ బయటి లావులో ఒకటి కావు. వదులైన తొడుగులో గాలి అటూ ఇటూ తిరిగి సగం ప్రయోజనం పోతుంది. ధర్మోకోలు వేణ్నీళ్ళకు పనికిరాదు. వేసవిలో ట్యాంకు నీళ్ళు 80 డిగ్రీలు దాటినప్పుడు అది మెత్తబడి కుంగిపోతుంది. గాజు ఉన్ని మంచి బంధకమే గాని, చేతులకు దురద, ఊపిరికి నలత. చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. పైగా తడిస్తే లోపల ఇనుము తుప్పుపట్టి, చిల్లు పడ్డ తరువాతగాని బయటికి తెలియదు.

మందం విషయంలో అత్యాశ అక్కరలేదు. 35 వాట్లను మొదటి అరంగుళం 12కు దించింది. రెండవ అరంగుళం వేస్తే 8కి దిగుతుంది, అంతే. ఇంటి లోపల అరంగుళం చాలు. మిద్దె మీద గాలికీ మంచుకీ ఎదురుగా ఉన్న భాగానికి ముప్పాతిక నుంచి అంగుళం వేయించండి. డబ్బు చాలకపోతే అంతటా పలచగా చుట్టేకంటె ట్యాంకును ఆనుకొని ఉన్న మొదటి రెండు మూడు మీటర్లకు మందంగా చుట్టడం మేలు. ట్యాంకు లోపలి వేడి రాత్రంతా ఆ ముక్కలోకి ప్రాకుతూ ఉంటుంది గనుక, పైన చెప్పిన కొయ్యబొమ్మ లెక్క అక్కడ చెల్లదు; అక్కడ కంబళి క్రింద వేడి పుట్టే మనిషే ఉన్నాడు. చన్నీళ్ళు ట్యాంకులోకి వచ్చే గొట్టానికి కూడా ఒక మీటరు తొడుగు వెయ్యాలి, ఆ దారిన కూడా వేడి దొంగతనంగా దిగుతుంది. పలకల రకం యంత్రమైతే, పలకకూ ట్యాంకుకూ మధ్య ఉన్న రెండు గొట్టాలనూ పూర్తిగా కప్పాలి.

తొడుగు చీలిక క్రిందివైపుకు వచ్చేటట్టు తొడిగి, జిగురుతో మూయించండి. మలుపుల దగ్గర కోణంగా కోసి అతికించాలి. పనివారు సామాన్యంగా తిన్నని భాగాలు తొడిగి, మలుపులూ వాల్వులూ వదిలేసి పోతారు. గొడుగు వేసుకుని చిల్లుల దగ్గర తడిసినట్టు ఉంటుంది ఆ పని. రబ్బరును ఎండలో ఒట్టిగా వదిలితే కొన్ని వేసవుల్లోనే పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. పైన పలచని అల్యూమినియం రేకు చుట్టించి, పెంకుల మాదిరి పై రేకు క్రింది రేకు మీదికి వచ్చేటట్టు పేర్పిస్తే ఎండా వానా రెండూ ఆగుతవి. గూటి కోసం నురుగు పీక్కుపోయే కాకులకూ, ఉడుతలకూ కూడా అదే మందు. ఒక్క గొట్టాన్ని మాత్రం ఎవరు ఏమి చెప్పినా మూయవద్దు: ట్యాంకు మీద ఆకాశంలోకి నిలిచి, నోరు తెరుచుకొని ఉండే గాలి గొట్టం. ఆవిరి పోయే దారి అది.

తొడుగు వేసిన ఇంట్లో నల్లి తిప్పగానే నిజమైన వేడి వస్తుంది, అదొక ఇబ్బంది కూడా. వెనుకటి అలవాటున చన్నీళ్ళు వస్తవనుకొని పిల్లలు నేరుగా చెయ్యి పెడతారు. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలో చర్మాన్ని కాలుస్తవి. పసివాళ్ళూ, స్పర్శ మందగించిన మధుమేహపు పెద్దలూ ఉన్న ఇంట్లో బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టే నియమం పెట్టుకోండి.

ఆవిరి ఇంజన్లు నడిచిన రోజుల్లో బాయిలరుకు చుట్టే రాతినార, అనగా ఆస్బెస్టాస్, మన రైల్వే కుటుంబాల పెద్దలకు బాగా తెలిసిన వస్తువు. పాత క్వార్టర్లలోనూ, మూతబడిన మిల్లులలోనూ గొట్టాలకు తెల్లటి తాడులాగో, సుద్దలాగో అతుక్కొని ఉన్నది అదే కావచ్చును. దాని పొడి ఊపిరితిత్తులలో చేరి ఎన్నో ఏళ్ళకు ప్రాణాంతక వ్యాధులు తెస్తుంది. క్రొత్త తొడుగు వేయించేటప్పుడు అటువంటిది కనిపిస్తే గీకవద్దు, చీపురుతో ఊడ్చవద్దు, తెలిసినవారిని పిలిపించండి.

అద్దె ఇళ్ళవారి నుంచి కూడా రెండు ఉత్తరాలు వచ్చినవి. ఇంటివారు తొడుగు వేయించరు, మనం సొంత ఖర్చుతో వేయించినా పోయేటప్పుడు తీసుకుపోలేము, ఏమి చెయ్యాలని. గోడ బయట కనిపించే భాగానికి జిగురు పెట్టకుండా తొడిగి, అక్కడక్కడ పట్టీలు చుట్టుకుంటే ఇల్లు మారేటప్పుడు ఊడదీసుకోవచ్చును. అదీ వద్దనుకుంటే స్నానాలన్నీ ఒక గంటలోపల, ఒకరి వెంట ఒకరుగా పెట్టుకోండి. కంబళి లేని గొట్టం కూడా అరగంట వరకు వెచ్చగానే ఉంటుంది. షవరు నుంచి ముందు వచ్చే నీళ్ళను బకెట్టులో పట్టి ప్రక్కన ఉంచితే గిన్నెలు కడగడానికో, వాకిట కళ్ళాపికో వస్తవి. ధనుర్మాసంలో ముగ్గుకు ముందు ఎలాగూ చల్లవలసినవే.